బేసి తేదీల నొప్పులు

మా పురపాలక సంఘం పరిధిలో పుట్టబోయే పిల్లలందరూ ఇకమీదట ఇంట్లోనే, నీళ్లలోనే, ఎవరి వైద్య సహాయమూ లేకుండానే పుట్టాలని జూన్ మొదటి సోమవారం ఉత్తర్వు వెలువడింది. దాన్ని దగ్గరుండి టైపు చేయించింది ఆఫీసు సూపరింటెండెంటునైన నేనే కాబట్టి, అందులో అచ్చుతప్పులు లేవని మాత్రం పూచీ ఇవ్వగలను.

కమిషనర్ హరగోపాల్ గారు దుర్మార్గులు కారు. ఫైళ్లు ఆపరు, మధ్యాహ్నం నిద్రపోరు. ఆయనకున్న ఇబ్బందల్లా ఏడాదికి ఒకసారి ఎక్కడికో శిక్షణకు వెళ్లి రావడమే. కిందటేడు వెళ్లొచ్చి, ఉద్యోగులంతా చెప్పుల్లేకుండా నడవాలన్నారు. ఆ ఉత్సాహం వానలు మొదలై, అకౌంటెంటు కాల్లో గాజుపెంకు దిగేదాకా నిలిచింది. ఈ ఏడు కొండమీద ఏదో సరస్సు పక్కన నాలుగు రోజులు సహజ జీవన శిబిరంలో గడిపి వచ్చారు. రాగానే కౌన్సిల్ సమావేశం పెట్టారు.

"సోదర సోదరీమణులారా, మనిషి తప్ప సృష్టిలో మరే ప్రాణీ ఆసుపత్రిలో ప్రసవించడం లేదు. డాల్ఫిన్లను గమనించండి. అవి నీటిలో, నిశ్శబ్దంగా, ప్రభుత్వంపై భారం మోపకుండా పిల్లలను కంటున్నాయి. రాష్ట్రంలోనే ప్రప్రథమ వైద్యరహిత గృహ జల ప్రసవ పట్టణంగా మన పట్టణాన్ని తీర్చిదిద్దాలన్నది నా ఆకాంక్ష."

పన్నెండో వార్డు కౌన్సిలర్ గంగరాజు లేచాడు. ఆయనకు నలభై గేదెలతో పాలకేంద్రం ఉంది.

"చిన్న డౌటండి. మా గేదెలు పొద్దస్తమానం కాలవలోనే పడుంటాయండి. కానీ ఈనేటప్పుడు మాత్రం గట్టెక్కేత్తాయండి. నీళ్లల్లో ఈనిన గేదెని నా సర్వీసులో నేను చూళ్లేదండి."

"గేదెలకు అవగాహన లేదు," అన్నారు కమిషనర్ గారు. దాన్ని మినిట్స్‌లో రాసుకున్నాం. తీర్మానం ఆమోదం పొందింది.

మార్గదర్శకాలు రాసే పని నాకు అప్పగించారు. నాలుగో నిబంధన ఇలా ఉంది: 'వైద్యశిక్షణ పొందినవారెవరూ ప్రసవ స్థలానికి వంద మీటర్ల లోపల ఉండరాదు. అయితే ఈ నిబంధన సదరు గృహంలో నివసించువారికి వర్తించదు.' మొదటి వాక్యం శిబిరం నుంచి వచ్చింది. రెండోది కమిషనర్ గారు స్వయంగా, పెన్సిలుతో, చాలా చిన్న అక్షరాలతో చేర్చారు. వారి కోడలికి అప్పుడు ఏడో నెల. వారి సతీమణి పేరున్న కాన్పుల డాక్టరు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు.

పథకానికి నీళ్లు కావాలి. మా ఊళ్లో కుళాయి రోజు విడిచి రోజు, పొద్దున గంటసేపు వస్తుంది. కాలవకు తూర్పు వైపు బేసి తేదీల్లో, పడమటి వైపు సరి తేదీల్లో. తొట్టి నిండాలంటే నాలుగు వందల లీటర్లు పడుతుందని ఇంజనీరు లెక్క తేల్చారు. కనుక తూర్పు వైపు గర్భిణులు బేసి తేదీల్లోనూ, పడమటి వైపు వారు సరి తేదీల్లోనూ ప్రసవించేలా అవగాహన కల్పించాలని ఆరోగ్య సిబ్బందికి సర్క్యులర్ వెళ్లింది.

అది పట్టుకుని సువార్త గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. తూర్పు వార్డుల ఏఎన్ఎం ఆవిడ. ఇరవై ఆరేళ్లుగా ఆ వీధుల్లో చంకకు సంచీ తగిలించుకుని తిరుగుతున్నారు. సగం ఊరికి మొదటి సూది వేసింది ఆవిడే.

"ఏవండీ సూపరెంటు గారూ, ఇది మీరే రాశారా?"

"రాయించారమ్మా."

"నేను ఇంటింటికీ ఎళ్లి, అమ్మా బేసి తేదీనాడు నొప్పులు తెచ్చుకో అని చెప్పాలాండి? నెలలో ముప్పై ఒకటో తేదీ, ఆ మర్నాడు ఒకటో తేదీ రెండూ బేసే కదా. రెండ్రోజులూ నీళ్లొదులుతారా మరి?"

ఆ సంగతి నాకు తట్టలేదు. ఫైల్లో రాసి పైకి పంపాను. 'పరిశీలనలో ఉంది' అని తిరిగి వచ్చింది.

ప్రభుత్వాసుపత్రికి రోజూ వెళ్లే నీళ్ల ట్యాంకరును కూడా పథకానికి మళ్లించారు. ఇకపై ఆసుపత్రిలో ప్రసవాలుండవు కనుక అక్కడ నీటి అవసరం తగ్గుతుందన్నది ఇంజనీరు గారి హేతువు. కాగితం మీద అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

చిక్కల్లా ధృవీకరణ దగ్గర వచ్చింది. ప్రసవం ఎవరి సాయమూ లేకుండా జరిగిందని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. చూడకుండా సంతకం పెడితే ఆడిటు ఒప్పుకోదు. దగ్గరుండి చూస్తే అది సాయం కిందకి వస్తుంది. మూడు సమావేశాలయ్యాక, ధృవీకరణ అధికారి గుమ్మం బయట, వీపు ఇంటివైపు తిప్పి నిలబడాలని తేల్చారు. అతనికి వైద్యజ్ఞానం బొత్తిగా ఉండకూడదు. ఆ పోస్టుకు నన్ను పరీక్షించారు.

"జ్వరం వస్తే ఏం చేస్తారు?" అని అడిగారు కమిషనర్ గారు.

"సువార్త గారిని అడుగుతానండి."

"దెబ్బ తగిలి రక్తం కారితే?"

"సువార్త గారిని పిలుస్తానండి."

"అర్హులు," అని సంతకం చేశారు. నా సర్వీసులో నేను నెగ్గిన ఏకైక పోటీ పరీక్ష అది.

మొదటి లబ్ధిదారు ఎవరన్న ప్రశ్నకు కమిషనర్ గారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మన కుటుంబం నుంచే ఆదర్శం మొదలు కావాలన్నారు. మన కుటుంబం అంటే పురపాలక సంఘంలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లని తర్వాత తెలిసింది. ట్యాంకరు డ్రైవరు సత్తిబాబు భార్య కుసుమకు తొమ్మిదో నెల. సత్తిబాబు కాంట్రాక్టు పొడిగింపు కాగితం కమిషనర్ గారి బల్ల మీద, ఆ నెలలోనే సంతకానికి ఉంది. దాన్నీ కుసుమ అంగీకార పత్రాన్నీ ఒకే ఫైల్లో పెట్టమన్నారు.

తొట్టి అప్పగించడానికి నేనూ వెళ్లాను. చేపల బొమ్మలున్న నీలం తొట్టి. వాళ్లు ఉండేది కాలవగట్టున రెండు గదుల రేకుల ఇల్లు. కుసుమ అత్తగారు మంగతాయారు నడుం మీద చేతులేసుకుని తొట్టి వంకా గుమ్మం వంకా చూసింది.

"ఇది లోనికి పట్టదు బాబూ. మా వోడి పెళ్లి మంచమే విప్పి లోపలెట్టాం."

"కొలతలు ఆఫీసులో ఖరారయ్యాయమ్మా," అన్నాను. అది నిజమే. దాంతో గుమ్మం పక్క గోడ రెండడుగులు కొట్టించారు. గృహ ప్రసవానికి పూర్వరంగంగా గృహంలో కొంత భాగం తొలగించవలసి వచ్చిందని నివేదికలో రాశాను.

కుసుమకు ఇరవై రెండేళ్లుంటాయి. పాదాలు బాగా వాచాయి. గోడ పట్టుకుని తొట్టిలోకి తొంగిచూసి, నన్ను గొంతు తగ్గించి అడిగింది.

"సార్, నాకు ఈత రాదండి. పర్లేదాండి?"

మార్గదర్శకాల పుస్తకం తీసి వెతికాను. ఈత గురించి ఏమీ లేదు. లేదని చెప్పాను. ఆ జవాబు చెప్పినందుకు ఇంటికి వచ్చాక చాలాసేపు సిగ్గుపడ్డాను. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. నా భార్య పోయి నాలుగేళ్లయింది. ఆఖరి రోజుల్లో ఆవిడ ప్రభుత్వాసుపత్రిలోనే ఉంది. డ్యూటీ దిగి వెళ్లేముందు ఒక నర్సు రోజూ ఆవిడ తల ఎత్తి, దిండును చల్లగా ఉన్న వైపుకి తిప్పి వెళ్లేది. అది జబ్బు తగ్గించే పని కాదు. కానీ ఆవిడ ముఖం కాసేపు తేటపడేది. నాకు తెలిసిన వైద్యమల్లా అదే. పరీక్షలో అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఆ వారంలోనే సువార్త గారు కుసుమకు బీపీ చూశారు. నూట అరవై, నూట పది. 'ఈ గర్భిణిని తక్షణం ఆసుపత్రిలో చేర్చాలి, లేనిచో తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం' అని రాసి ఇచ్చారు. నేను ఆ కాగితం స్వయంగా పట్టుకెళ్లి చూపించాను. కమిషనర్ గారు శ్రద్ధగా చదివి అంచున రాశారు: 'బీపీ చూచుట వైద్య సహాయం అగునా, కాదా? అగునెడల సదరు ఉద్యోగినిని సంజాయిషీ కోరవలెను.'

"అయ్యా, ఆ అమ్మాయికి ప్రమాదమంటున్నారు."

"భయమే ప్రమాదమండీ సూపరింటెండెంటు గారూ. డాల్ఫిన్‌కు బీపీ ఎవరు చూస్తున్నారు?"

మెమో నా చేతుల మీదుగానే వెళ్లింది. సువార్త గారు సంతకం పెట్టి తీసుకున్నారు.

"సంజాయిషీ రాత్తాను గానండి, మీకొక్క మాట చెప్తాను, గుర్తెట్టుకోండి. ఆ పిల్లకి తలనొప్పి వచ్చి కళ్లు మసకలు కమ్మితే ఇంక టైం ఉండదు. ఫిట్స్ వచ్చేత్తాయి. తొట్టిలో ఉండగా ఫిట్స్ వత్తే ఇద్దరిలో ఎవరూ దక్కరు."

కుసుమకు జూలై పద్నాలుగో తేదీ, పొద్దున పది గంటలకు నొప్పులు మొదలయ్యాయి. సరి తేదీ. ఇల్లేమో కాలవకు తూర్పున. ఫోనులో ఆ మాట కమిషనర్ గారికి చెప్పాను.

"రేపటికి వాయిదా వేసుకోగలరేమో కనుక్కోండి."

"కష్టమంటున్నారండి."

"సరే, ట్యాంకరు పెట్టించండి. పన్నెండింటికి పత్రికలవాళ్లతో వస్తున్నాను. అప్పటిదాకా ఆగమనండి."

నేను వెళ్లేసరికి నాలుగు వేల లీటర్ల ట్యాంకరు ఇంటి ముందు నిలబడి ఉంది. భార్యకు నీళ్లు తెచ్చింది భర్తే. గొట్టం చేత్తో పట్టుకుని తొట్టి నింపుతున్నాడు. వీధి మొదట్లో కిరాణా కొట్టు అరుగు మీద సువార్త గారు సంచీతో కూర్చుని ఉన్నారు. టేపు పెట్టి కొలిచాను. వంద మీటర్ల ఇరవై సెంటీమీటర్లు.

"ఇరవై సెంటీమీటర్లు లోపలికి జరగొచ్చమ్మా," అన్నాను.

"మీ దయండి," అన్నారావిడ.

గుమ్మం బయట, వీపు తిప్పి నిలబడ్డాను. లోపలి నుంచి మంగతాయారు గొంతు వినపడుతూనే ఉంది.

"ఏమ్మా, ఏటవుతుంది?"

"తల పగిలిపోతందత్తా."

నేను అరుగు దాకా నడిచాను. వంద మీటర్ల ఇరవై సెంటీమీటర్లు.

"తలనొప్పి అంటోందమ్మా."

సువార్త గారు లేచి నిలబడ్డారు. "కళ్లెలా ఉన్నాయో అడగండి."

వెనక్కి నడిచాను. యాభై ఏడేళ్ల వయసులో దాన్ని పరుగు అనడానికి నాకు మొహమాటంగా ఉంది. వీపు తిప్పడం మరిచిపోయి లోపలికి చూశాను. కుసుమ తొట్టి అంచు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"అమ్మా, నేను కనబడుతున్నానా?"

"ఇద్దరు కనబడతన్నారు సార్."

మళ్లీ అరుగు దగ్గరికి వచ్చేసరికి నా ముఖం చూసి ఆవిడకు అర్థమైపోయింది. సంచీ భుజాన వేసుకున్నారు.

"నేనెల్తున్నానండి. సస్పెండు చేసుకుంటే చేసుకోమనండి."

"ఆగండమ్మా. మీరు వెళ్తే ఆ ఇంట్లో ఏం చేయగలరు?"

"ఏం చేత్తానండీ, ఆసుపత్రికి తోలుకుపోతాను."

"తీసుకెళ్తే మీ ఉద్యోగం పోతుంది, సత్తిబాబు ఉద్యోగం పోతుంది. రెండు నిమిషాలివ్వండి."

"పిల్ల చచ్చిపోతంటే రెండు నిమిషాలేంటండీ!"

"మీరు ట్యాంకరు ఎక్కించండి. ఎక్కించేలోపు రాసేస్తాను."

ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి పరుగెత్తారు. వంద మీటర్లూ దాటిపోయారు. సత్తిబాబు గొట్టం కింద పడేశాడు. అందరూ కలిసి కుసుమను ట్యాంకరు ముందు సీట్లోకి ఎక్కించారు. గుమ్మం పక్కన గోడ కొట్టేసి ఉండటం వల్ల మోసుకురావడం తేలికైంది. పథకం వల్ల కలిగిన ఆ మేలును కూడా నివేదికలో రాశాను.

నాకు వచ్చిన విద్య ఒక్కటే. మార్గదర్శకాలు రాసినవాడిని కాబట్టి ఏడో నిబంధన కంఠతా వచ్చు: 'గృహం అనగా లబ్ధిదారు నివసించుచున్నట్లు ధృవీకరణ అధికారి ధృవీకరించిన స్థలం.' ధృవీకరణ అధికారిని నేనే. ముద్ర నా సంచీలో ఉంది. కదులుతున్న ట్యాంకరులో, ఒక కాలు బయటపెట్టి వేలాడుతూ, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాను. శ్రీమతి కుసుమ నేటి ఉదయం నుంచి ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో, మూడో నంబరు మంచం మీద నివసిస్తున్నారు. అక్షరాలు అడ్డదిడ్డంగా వచ్చాయి. ముద్ర మాత్రం సరిగ్గా పడింది.

కుసుమ సువార్త గారి భుజం మీద తల వాల్చి ఉంది. ఆవిడ దారి పొడుగునా ఒకే మాట చెబుతున్నారు. "కళ్లు మూసుకోకమ్మా. నావైపు చూడు. ఇద్దరు కనబడితే ఇద్దర్నీ చూడు."

ప్రసూతి వార్డు డాక్టరు వనజాక్షి గారు మెట్ల మీదే ఎదురొచ్చారు. బీపీ చూడగానే ఏదో ఇంజక్షను పేరు కేకేసి చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఆపరేషన్ చెయ్యాలి. మీ మున్సిపాలిటీ వాళ్లు వారం నుంచి మాకు ట్యాంకరు పంపట్లేదు. చేతులు కడుక్కోడానికి చుక్క నీళ్లు లేవు. ఏం పెట్టి కడుక్కోమంటారు?"

"బయట నాలుగు వేల లీటర్ల ట్యాంకరుందండి."

సత్తిబాబు గొట్టం తీసి ఆసుపత్రి సంపులోకి వేశాడు. నీళ్లు పడుతున్న చప్పుడు వార్డంతా వినిపించింది. మంచాల మీద ఉన్న ఆడవాళ్లు లేచి కూర్చున్నారు.

నేను బయట బెంచీ మీద కూర్చుని రెండో ధృవపత్రం రాశాను. డాక్టరు వనజాక్షి గారు నలుగురు డాక్టర్ల పని ఒక్కరే చేస్తున్నందున వారంలో అయిదు రోజులు ఇంటికి వెళ్లడం లేదని అక్కడి ఆయా చెప్పింది. కనుక ఆవిడ కూడా సదరు గృహంలో నివసించువారే. తలుపు తెరుచుకుని బిడ్డ ఏడుపు వినిపించేసరికి ముద్ర కోసం వెతుకుతున్నాను. ఆ ఏడుపు విన్నాక కాసేపు ఏం వెతుకుతున్నానో మరిచిపోయాను.

ఆడపిల్ల. రెండు కిలోల నూరు గ్రాములు. కుసుమకు ఇంకా మత్తు దిగలేదు గానీ గండం గడిచిందన్నారు.

ఒంటిగంటకు కమిషనర్ గారు ఆసుపత్రికి వచ్చారు. అంతకుముందు కాలవగట్టున ఆయనకు కూలిన గోడ, తొట్టి, అందులో దుప్పట్లు నానబెడుతున్న మంగతాయారు మాత్రమే కనిపించారట. వెంట ఉన్న ఫొటోగ్రాఫరు దుప్పట్లకే రెండు ఫొటోలు తీశాడట.

"ఏమిటిది సూపరింటెండెంటు గారూ? లబ్ధిదారును ఆసుపత్రిలో ప్రసవింపజేశారా?"

"లేదండి. ఇంట్లోనేనండి."

"ఇది ఆసుపత్రి!"

"లబ్ధిదారు నివాసమండి. ఏడో నిబంధన." ధృవపత్రం ఇచ్చాను.

చదివారు. "వైద్యరహితం అన్నాం. లోపల డాక్టరు ఉన్నారు కదా?"

"ఆవిడ ఇంటి మనిషండి. వంద మీటర్ల నియమం ఇంట్లో నివసించేవారికి వర్తించదు. నాలుగో నిబంధన, రెండో వాక్యం." రెండో ధృవపత్రం ఇచ్చాను.

ఆ రెండో వాక్యం దగ్గర ఆయన చూపు ఆగింది. కొట్టేయడానికి జేబులోంచి పెన్ను సగం తీశారు. తీసి, కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ లోపల పెట్టేసుకున్నారు. కోడలికి అప్పటికి ఎనిమిదో నెల.

"మరి జలం?" అన్నారు మెల్లగా.

"నాలుగు వందల లీటర్లు వాడాలన్నది నియమం. నాలుగు వేలు వాడామండి."

కమిషనర్ గారి ముఖం వికసించింది. లక్ష్యానికి పది రెట్లు! ఫొటోగ్రాఫరును పిలిచి సంపు పక్కన నిలబడ్డారు. ఆ సాయంత్రమే సత్తిబాబు కాంట్రాక్టు కాగితం మీద సంతకం పడింది. సువార్త గారి సంజాయిషీ ఫైలు, ప్రసవం గృహంలో నివసించువారి మధ్యే జరిగినందున, మూసేశారు.

పై నుంచి ప్రశంసాపత్రం వచ్చాక పథకాన్ని ఊరంతటికీ విస్తరించారు. ప్రతి గర్భిణికీ తొమ్మిదో నెల రాగానే ప్రసూతి వార్డులో నివాస ధృవపత్రం ఇవ్వాలని, అక్కడికి రోజూ రెండు ట్యాంకర్ల నీళ్లు పంపాలని ఉత్తర్వు. ఇంతమంది నివసించే ఇంట్లో మనుషులు చాలడం లేదని రాస్తే, మరో ఇద్దరు డాక్టర్లను కుటుంబ సభ్యులుగా నియమించారు. ఆ ఏడాది మా ఊళ్లో మూడు వందల పైచిలుకు కాన్పులు జరిగాయి. ఆసుపత్రిలో ఒక్కటీ జరగలేదు. అన్నీ ఇంట్లోనే. ఒక్క తల్లి కూడా పోలేదు. పథకం కోసం కొన్న తొట్లలో ఇప్పుడు గంగరాజు గేదెలకు కుడితి పెడుతున్నాడు. వాటికి అవగాహన పెరిగిందని అంటాడు.

కుసుమను ఇంటికి పంపేరోజు ధృవీకరణ ఫారం పూర్తి చేయడానికి వార్డుకు వెళ్లాను. సువార్త గారు పాపను ఒడిలో వేసుకుని, గోరువెచ్చని నీళ్లతో ముఖం తుడుస్తున్నారు. కుసుమ పక్కనే కూర్చుని చూస్తోంది. నేను ఒక్కడినే కనబడుతున్నానని నవ్వుతూ చెప్పింది.

ఫారం మీద చివరి గడి మిగిలింది. 'ప్రసవ సమయమందు సహాయమొనర్చిన వారి పేర్లు.' ఆ గడిలో ఏం రాయాలో నిబంధనల్లోనే ఉంది. రాశాను. సువార్త గారు మెడ సాచి చదివారు.

"ఎవరూ లేరు," అని పైకి చదివి, "అంతేనా సూపరెంటు గారూ? ఆ ఎవరూ లేని వాళ్లల్లో నన్ను కూడా కలిపారా లేదా?"

"మిమ్మల్నే ముందు కలిపానమ్మా," అన్నాను.

"సరేలెండి," అని పాప పాదాలు తుడిచి, ఆరిపోయాయో లేదో తన చెంపకు ఆనించి చూసుకున్నారు.